అనుభవం, ఏళ్ళలో

ఎన్డోలాలో మా ఆఫీసు కిటికీకి అద్దం సగమే.
మిగతా సగం ప్లైవుడ్డు, పోయిన వానల్లో బిగించింది.
ఆ సగం అద్దం గుండానే డ్రైవర్లు నాకు కనపడతారు:
చేతులు, చొక్కా జేబులో పెన్ను, ఎప్పుడైనా గడ్డం.
నా పని ఫారం నింపడం.
ఫారంలో ఏడో గడి: అనుభవం, ఏళ్ళలో.

రెండు నిండకపోతే ఊళ్ళో తిరుగుడే.
సిమెంటు, మొక్కజొన్న పిండి, బీరు పెట్టెలు.
రాత్రికి మనిషి ఇల్లు చేరతాడు,
జీతం మాత్రం పదిహేనో తారీకుకే దిగిపోతుంది.
రెండు నిండితే సరిహద్దు దాటొచ్చు.
రాగి పలకలేసుకుని నకోండే మీదుగా దారెస్సలాం దాకా
ట్రిప్పుకింతని లెక్క;
గేటు దగ్గర లారీల వరసలో కూచున్న తొమ్మిది రోజులు
ఏ లెక్కలోకీ రావు.
అయిదు నిండితే పెట్రోలు ట్యాంకరు.
దానికి డబ్బెక్కువ. వాళ్ళ ఆడవాళ్ళు ఆదివారం చర్చిలో
ఇంకాస్తసేపు మోకాళ్ళ మీద ఉంటారు.

అనుభవం లేనిదే బండి ఇవ్వం.
బండి ఇవ్వనిదే అనుభవం రాదు.
పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు,
పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు.
దీనికి మా మేనేజరు పెట్టిన పేరు పాలసీ.

మంగళవారం కబాసో వచ్చాడు.
లైసెన్సు ఇంకా కొత్త, కవర్లోంచి తియ్యడు.
ఏడో గడిలో పదకొండు అని రాసుకొచ్చాడు.
ఎక్కడ, అన్నాను.
డ్రైవరు పక్కన, ఎడమ సీట్లో, అన్నాడు.
పదకొండేళ్ళు చక్రాల కింద రాళ్ళు పెట్టాడు,
ట్రైలరు కింద పడుకుని సరుకు కాశాడు,
ముచింగాలో వాన పడితే రోడ్డు ఏ వైపుకి జారుతుందో చెప్పగలడు.
స్టీరింగు పట్టినట్టు కాగితం లేదు.
పదకొండు కొట్టేసి సున్నా వేశాను.
నా సున్నాలు గుండ్రంగా వస్తాయి,
పద్నాలుగేళ్ళ అలవాటు.

అతని వెనకే సికాజ్వే.
వయసు అరవై ఒకటి. గడిలో ఇరవై తొమ్మిది.
బీమావాళ్ళు గీసిన గీత అరవై దగ్గరుంది.
పైగా ఫైల్లో ఒక ఎర్ర చుక్క:
కిటోంగా దిగుడులో బ్రేకులు పోతే
లారీని తీసుకెళ్ళి కొండకేసి కొట్టాడు.
ఎదురుగా బస్సొస్తోందని ఫైల్లో లేదు.
ఆ చుక్కకి అప్పట్నుంచీ ప్రతి ట్రిప్పులో
పదో వంతు కోసుకున్నాం.
ఇప్పుడాయనకి యార్డులో రాత్రి పని ఇమ్మన్నారు,
ఖాళీ ట్రైలర్లని ఈ గోడ నుంచి ఆ గోడకి జరపడం.
ట్రిప్పుల్లేవు, ట్రిప్పు డబ్బుల్లేవు.

ఆయన ఫారం చూడనేలేదు.
వంగి, అద్దం ఉన్న సగంలోకి మొహం తెచ్చి,
"అమ్మా, నా దగ్గర ఇరవై తొమ్మిదున్నాయి.
యార్డులో వాటితో నాకేం పని?
రెండు తీసి వీడికి రాయి" అన్నాడు.

నవ్వాను. ఆయన నవ్వలేదు.
అలాంటి గడి లేదన్నాను.

అప్పుడే ఒక లారీ గేట్లోకి తిరిగింది.
సికాజ్వే అటు చూడకుండానే "ఏదిరా?" అన్నాడు.
కబాసో కూడా చూడలేదు.
"ఎడమ. మూడోది. లోపలి టైరు."
నాకేమీ తెలియలేదు. లారీ చప్పుడు, అంతే.

సాయంత్రం టీకి వెళ్తూ చూశాను:
మెకానిక్కు ఎడమ మూడో చక్రం ఊడదీసి
గోడకి ఆనించాడు.

తిరిగొచ్చి కబాసో ఫారం బయటికి తీశాను.
సున్నాని దిద్దలేదు, దిద్దితే దొరికిపోతాను.
అడుగున, ఆఫీసు వాడకానికి అని ఉన్నచోట
"వినగలడు" అని రాశాను.

శుక్రవారం ఫారం మేనేజరు గదిలోంచి తిరిగొచ్చింది.
నా మాట పక్కన పెన్సిల్తో:
ఎన్నేళ్ళు?