నడిమి మనిషి

ఎంజీఎం దవాఖాన ఓపీ ముందట
నీలం చీరల మా అవ్వ నిలబడుతది.
ఏటూరునాగారం అవుతల నుంచి వచ్చినోళ్ల
కోయ మాటను తెలుగు జేసి డాక్టరుకు అందిస్తది,
డాక్టరు మాటను మల్ల కోయ జేసి
వాళ్ల చెవుల పోస్తది.
జీతం కాయితంల మాత్రం 'ఆయా' అనే ఉంటది.

రాత్రి నేను
హన్మకొండ చౌరస్తాల తొమ్మిది వేలకు కొన్న
పాత ల్యాప్‌టాప్ ముందట కూసుంట.
మూత మీద ఎవలదో కాలేజీ స్టిక్కరు, సగం గీకింది.
విండోస్ కొనే పైసల్లేక లినక్స్ ఎక్కించిన.
నాకు కావాల్సిన ఆట ఒక్కటే,
మంచుల జీపు నడిపే ఆట.
ములుగు రోడ్డు నెట్ సెంటర్ల
గంటకు పది రూపాయలు కట్టి ఆడేటోన్ని.
ఆఖరి ఘాటు ఎక్కుతుంటే
ఎప్పుడూ టైమ్ అయిపోయేది.

ఆ ఆటకు విండోస్ భాష తప్ప ఇంకోటి రాదు.
అది అడిగే సామాను ఈ ఇంట్ల లేదు,
ఉన్నా వేరే పేరు మీద, వేరే అర్రల ఉంటది.
అందుకే నడిమిట్ల వైన్ అని ఒకటి కూసుంటది.
పేరు చూస్తె సారా,
పని చూస్తె మా అవ్వ.
ఆట అడిగింది ఇంటది,
ఈ ఇంటి మాటల ఎవలనో అడిగి తెస్తది,
మల్ల ఆట యాసలనే జవాబు చెప్తది.

మూడు రాత్రులు నల్ల తెర.
టెర్మినల్ల ఒకటే మాట పారుతది:
ఫిక్స్‌మీ ఫిక్స్‌మీ ఫిక్స్‌మీ.
అంటే, గీ పని నాకింకా రాదు,
అయినా 'అయింది' అని చెప్పిన,
ఎవలన్న వచ్చి సరిజేయుండ్రి అని.

గిది అబద్ధం కాదా?

అన్నం తినుకుంట అవ్వ చెప్పింది.
పూనెం ముత్తయ్యను డాక్టరు అడిగిండట,
నొప్పి పొడిసినట్టా, పిండినట్టా, మంట లెక్కనా?
ముసలాయన జర్రసేపు ఆలోచించి
"అడివి కాలిపోయినంక నేల ఉంటది సూడు, గట్ల" అన్నడట.
"దానికి తెలుగుల మాట ఏడున్నది బిడ్డా?
మంట అని చెప్పిన. డాక్టరు రాసుకున్నడు."
"తప్పు కాదా అవ్వా?"
"ఎనక నలభై మంది ఉన్నరు.
చెప్పకపోతే లైను కదలదు."
కొంగు ఎత్తి చూపించింది,
చివరకు చిన్న ముడి.
"పొద్దుగాల వార్డుకు పోయి మల్ల అడుగుత.
మర్సిపోతనని యేసుకున్న."

నాలుగో రాత్రి
వైన్ ఒక పాత ఫైలు మార్చి చూసిన.
తెరుసుకున్నది!
పాట లేదు, ఇంజను మోత బొంగురు,
మంచు మొత్తం గులాబి రంగుల కురుస్తున్నది.
రోహిణి కార్తె, కూలర్ల నీళ్లు అయిపోయినయి,
మంచు ఎన్నడూ చూడనోన్ని
రంగు తప్పని నేనెట్ల అంట?
నడిపిన.
పక్క కిటికీల ఫిక్స్‌మీలు
ఆగకుండ పారుతనే ఉన్నయి.

తెల్లారి అవ్వ డ్యూటీకి పోతుంటే చూసిన,
కొంగుకు రెండు ముళ్లు.
ఒకటి ముత్తయ్యది.
ఇంకోటి ఎవలదని అడుగుదామనుకునే లోపు
ఆటో ఎక్కింది.