ఇంకా పధ్నాలుగురు

మొదలు కెప్టెన్ పేరు.
ఆయన కింద ఇద్దరు సార్జెంట్లు, పుట్టిన ఊర్లతో సహా.
తర్వాత ఆరుగురు సిపాయిలు.
రాజలింగును చెక్కినోనికి నోరు తిరగలేదు,
రజ్లిం కాడనే రాయి అయిపోయింది.
అట్టడుగున, గడ్డి మొలిచే చోట,
ఇంకా పధ్నాలుగురు పనోళ్లు.
పేర్లు లెవ్వు.
ఒకటి, దాని పక్కన నాలుగు.

కాజీపేట లోకోషెడ్డు వెనక
మా గుడి గోడకు ఆనిచ్చి నిలబెట్టిన నల్లరాయి,
జర్మన్ లడాయి నాటిది.
గూడ్సు బండి పోతే ఇప్పటికీ అదురుతది.
వాన వెలిసినంక అక్షరాల్ల నీళ్లు నిలిస్తే
పిచ్చుకలు ముందుగాల కెప్టెన్ పేరు తాగుతయి.

మా నాయనమ్మ సలోమి
ఆ ఒకటిని మా నాయిన అనేది.
"నాలుగు వంగి ఉన్నది, ఎవలో మోపెత్తుకున్నట్టు.
మా నాయిన నిటారు మనిషంట."
ఆమె చూడలే.
తల్లి కడుపుల ఐదో నెల ఉన్నప్పుడు
బొల్లెపాక పేతురు బొంబాయి రైలెక్కిండు,
ఆడికెల్లి ఓడ, ఆడికెల్లి బస్రా.
తుపాకి ఇయ్యలే.
ఆరె, కత్తి, మైనం పూసిన దారం ఇచ్చిండ్రు.
కంచరగాడిదల జీన్లు కుట్టుడు.
ఎట్ల పోయిండో తెల్వది.
కలరా అన్నరు ఒకలు, ఎండ అన్నరు ఇంకొకలు.
ఇంటికి పదకొండు రూపాయల మనియార్డరు వచ్చింది,
గుడికి ఈ రాయి వచ్చింది.

సమాధుల పండుగ నాడు
అందరు బంతిపూలు పట్టుకొని బొందలగడ్డకు పోతరు.
నాయనమ్మ ఆముదం గిన్నె పట్టుకొని రాయి కాడికి వచ్చేది.
తోలు మెత్తవడాలంటే ఆముదమే, అనేది.
చూపుడువేలు ముంచి
ఆ ఒకటిని పైనుంచి కిందికి
ఎండిన జీనును నిమిరినట్టు.

తొంభై ఎనిమిదిల సర్కారోళ్లు వచ్చిండ్రు.
కొలిచిండ్రు, ఫొటోలు తీసిండ్రు,
ఇనుప కంచె పాతి నీలం బోర్డు పెట్టిండ్రు.
రక్షిత కట్టడం. ముట్టరాదు, గీయరాదు, చేర్చరాదు.
ఫాదర్ సంబురపడి మిఠాయి పంచిండు.
నాయనమ్మ బోర్డు నాతోని చదివించుకున్నది.
"చేర్చరాదు అంటే ఏంది బిడ్డా?"
"కొత్తగ పేర్లు రాయొద్దని."
జరసేపు ఆగి,
"అంటే, మర్చిపోయిన దానికి గూడ కావలి పెట్టిండ్రు" అన్నది.

మల్లొచ్చే యేడు చీపురు పుల్లకు దూది సుట్టి
గడ్డిల కూసొని, కంచె సందులకెల్లి చెయ్యి సాపింది.
అందలే.
రెండు పుల్లలు కలిపి నేనే దారం కట్టిన.

ఆమె పోయి పదహారేండ్లు.
గంట కొట్టుడు, ఆవరణ ఊడ్సుడు,
ఏడాదికొక్కసారి ఆ పుల్ల,
నా పని ఇదే.

పోయిన వారం తనిఖీకి ఒక మేడం వచ్చింది.
మంచి పిల్ల. చెప్పులు బయట ఇడిచి లోపలికి పోయింది,
టార్చి కొట్టి చూసి కాయితం మీద రాసింది:
కింది వరుసలో, అంకె మీద, పాత నూనె మరక. తొలగించవలెను.
చెబుదామనుకున్న.
యాడికెల్లి మొదలువెట్టాలె?
జీన్ల కాడ్నుంచా, ఆముదం కాడ్నుంచా?
"ఔ మేడం" అన్నది ఒక్కటే ఎల్లింది నోట్లకెల్లి.

ఇయ్యాల మందు డబ్బా వచ్చింది,
కుంచె, రబ్బరు తొడుగులు.
అందినట్టు సంతకం నేనే పెట్టిన.
కంచె తాళంచెవి మొదటిసారి నా చేతుల పడ్డది.

పైనుంచి మొదలువెట్టిన.
కెప్టెన్‌ను కడిగిన, సార్జెంట్లను కడిగిన,
రాజలింగు మీద పిచ్చుక రెట్ట గట్టిగున్నది,
ఆడ ఆలస్యమైంది.
అడుగుకు వచ్చేసరికి ఐదు, గంట కొట్టే యాల్ల.
తొడుగు ఇప్పిన.
బుద్ధెరిగినంక మొదటిసారి
పుల్ల లేకుండ ఏలు పెట్టిన.

మెత్తగున్నది.

డబ్బల ఇంకా సగం మందున్నది.
మూత బిగించి
గంట కాడికి పోయిన.