చేతిలో ఒకటి

నలభై ఏడూ ఇరవై ఎనిమిదీ.
కొట్టు తలుపు మీద సుద్దతో వేసి చూపించాను.
ఏడూ ఎనిమిదీ పదిహేను,
ఐదు కింద వెయ్యి, ఒకటి చేతిలో పెట్టుకో.
"ఏ చేతిలోనమ్మా?" అంది తారిణి.
చంకల్లో రెండు కర్రలు,
రెండు గుప్పిళ్లలో వాటి పిడులు.
నాకు జవాబు రాలేదు.

పర్లాకిమిడి బజారు మలుపులో మాది గాజుల కొట్టు.
రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది,
నా లెక్కలన్నీ ఆడవాళ్ల చేతుల కొలతలే.
అరచెయ్యి ఒక్కసారి నొక్కితే సైజు చెప్పేస్తాను.
ఎలా తెలిసిందంటే చెప్పలేను.
దానికి ఎందుకు తెలియదో కూడా
చాలా ఏళ్లు అలాగే చెప్పలేకపోయాను.

పుట్టిన మూడో నాడు విశాఖ తీసుకుపోయాం.
వెన్ను మీద నిమ్మకాయంత ఎర్రటి తిత్తి.
కోసి, లోపలికి సర్ది, కుట్టి మూశారు.
తల పెరుగుతోందని ఆ నెలలోనే
చెవి వెనక నుంచి కడుపు దాకా చర్మం కింద సన్నటి గొట్టం.
జడ వేసినప్పుడల్లా వేళ్లకు తగులుతుంది,
దువ్వెన దాని పక్కనుంచి తిప్పుకుపోతాను.
నడక సంగతి డాక్టరు ముందే చెప్పాడు.
లెక్కల సంగతి ఎవరూ చెప్పలేదు.

మాటలా? అబ్బో!
నాతో తెలుగు, బడిలో ఒడియా,
చింతపండు తెచ్చే కొండ ఆడవాళ్లతో సవర.
పదహారో ఎక్కం దాకా ఒడియాలో గడగడా అప్పజెబితే
కొనడానికొచ్చినవాళ్లు గాజులు మరిచిపోయి వింటారు.
మధ్యలో ఆపి ఏడార్లెంతే అంటే మాత్రం
మళ్లీ "సాత ఏకే సాత" దగ్గర్నుంచి బయల్దేరుతుంది,
మేడ మీదున్న మనిషి కిందికి దిగొచ్చి
మొదటి మెట్టు నుంచి ఎక్కినట్టు.

కాగితం మీద అంకెలు దాని మాట వినవు.
పదులది ఒకట్లలోకి జారుతుంది,
కింది వరస వేలెడు పక్కకి ఒరుగుతుంది.
చేతి మీద కొట్టాను. రెండుసార్లు.
ఈ ముక్క రాయకుండా దాటేద్దామనుకున్నాను.

గొమాంగో దిదీ ఒకనాడు కొట్టుకొచ్చి
గాజులు బేరమాడుతూనే చెప్పింది:
బద్ధకం కాదు తల్లీ.
వెన్ను మూసుకోకుండా పుట్టిన పిల్లల్లో కొందరికి
తలలోనూ కొన్ని దారులు వేరేగా పడతాయి.
ఎంత, ఎక్కడ, ఎంత దూరం,
అవి నడిచే దారులు.
సంచిలోంచి గళ్ల పుస్తకం తీసిచ్చింది.
గడికి ఒక్క అంకె.
ఆ రోజు డజనుకి పదకొండింటి డబ్బే తీసుకున్నాను.
మర్యాద కాదు, నా లెక్కే తప్పింది.

గడియారం ఇంకా రాదు.
నాలుగు గంటలకోసారి మూత్రానికి గొట్టం పెట్టుకోవాలి.
పెద్ద ముల్లేదో చిన్న ముల్లేదో తేల్చుకునే లోపల
తడిసిన గౌనుతో ఎన్నిసార్లు ఇంటికొచ్చిందో!
ఇప్పుడు గుణుపురం రైలు కూత ఒక గుర్తు,
బడిలో అన్నం గంట ఒక గుర్తు,
ఎదురుకొట్లో పకోడీల నూనె కాగే వాసన ఒక గుర్తు.
రైలు ఆలస్యమైన రోజు
ఊరందరికంటే ముందు మాకే కష్టం.

నిన్న సంత. దాన్ని కూర్చోబెట్టి అన్నానికెళ్లాను.
వచ్చేసరికి పెట్టెలో ముప్పై తక్కువ.
"అరవై ఐదు గాజులకి వంద ఇచ్చిందమ్మా.
తిరిగి ఎంతివ్వాలో తోచలేదు. ఆవిణ్నే అడిగాను."
"ఎంతంది?"
"అరవై ఐదంది."
తిట్టడానికి నోరు తెరిచాను.
అది గళ్ల పుస్తకం ముందుకి తోసింది.
ముప్పై ఐదు.
గడికో అంకె, నిటారుగా.
ఎంతసేపు పట్టిందో,
ఈలోగా ఆవిడ కాశీనగర్ బస్సెక్కేసింది.

రాత్రి దీపం కింద కూడికలు చేస్తోంది.
అన్నానికి పిలిచాను, పలకలేదు.
మళ్లీ పిలిచాను.
చెయ్యి అడ్డంగా ఊపింది, ఆగమని.
దగ్గరికెళ్లి చూస్తే పెదాలు కదుల్తున్నాయి:
ఒకటి ఒకటి ఒకటి ఒకటి.
పదుల గడిలో దాన్ని దించేసి,
అప్పుడు ఊపిరి పీల్చి,
"నోట్లో పెట్టుకున్నానమ్మా," అంది,
"ఇప్పుడు పెట్టు అన్నం."