మిగిలిన రీము

గ్రీమ్స్‌పేటలో నా ట్రెడిల్ మిషను
ఈ ఎండాకాలం పెండ్లిపత్రిక మొహం చూడలేదు.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు
మూడు షిఫ్టుల నుంచి ఒకటికి దిగినాక
ముహూర్తాలు కూడా వాయిదా పడినట్టుండాయి.

అట్లాంటి రోజు పొద్దున్నే
వర్తకుల సంఘం తరఫున దేవరాజులు శెట్టి వచ్చినాడు.
"పన్ను తగ్గించండి" అని పెద్దక్షరాల్లో కావాలన్నాడు.
"నాలుగు రూపాయలు మా చేతిలో మిగలనీయబ్బా,
ఇద్దురు పిలకాయల్ని పనిలో పెట్టుకుంటా.
నీళ్ళు లేని నీవా మీద
వంతెనకి రంగేసేదానికా నా డబ్బు?"

మధ్యాహ్నం కుప్పమ్మ.
గోళ్ళ సందుల్లో పోయిన సీజను తోతాపురి పసుపు
ఇంకా వదల్లేదేమో అనిపించింది.
కొంగుముడి విప్పి నూటిరవై అడ్వాన్సు పెట్టింది.
"పనులు పెట్టండి అని కొట్టు సామీ.
చెరువు పూడిక తీయిస్తారో, రోడ్డే ఏస్తారో.
మాకు కూలొస్తే అది పొద్దుగూకేలోపల
శెట్టి గల్లాలోకే గదా పొయ్యేది?"

ఇద్దురికీ తలూపినాను.
పోయినసారి పన్ను తగ్గినప్పుడు
శెట్టి అంగట్లోకి కొత్త మనిషి రాలేదు,
పాత అప్పు తీరింది.
తప్పనలేను, నేనైనా అదే చేస్తాను.
మండలాఫీసుకు నేనచ్చేసిన ఫారాల బిల్లు
పద్దెనిమిది నెలలుగా
"శాంక్షనయింది" అంటానే ఉండాది.

ఉండేది ఒక్క రీము, గులాబి రంగుది.
సగం ఆయనకి, సగం ఆమెకి కోసినాను.
ఆరుముగం సీసం అక్షరాలు కూర్చినాడు.
నకు గుడిస్తే పని,
కొమ్మిచ్చి కింద వత్తు తగిలిస్తే పన్ను.
అరవై దాటిన కండ్లకి అదేమంత దూరం?
మొదటి ప్రూఫులో పడింది:
"పన్ను పెట్టండి. పని తగ్గించండి."

ఇద్దురం పడీపడీ నవ్వినాం.
ఆరుముగం ముందు ఆపినాడు.
"ఇప్పుడు జరగతా ఉండేది ఇదే గదన్నా."

సాయంత్రం ఇద్దురూ ఒకేసారి వచ్చినారు.
చదువురాని కుప్పమ్మ
తన కాగితం శెట్టి చేతికే ఇచ్చింది,
"తప్పుల్లేకుండా పడిందేమో సూడన్నా."
ఆయన కండ్లద్దాలు పెట్టుకోని
గొంతు సవరించుకోని
సంఘం మీటింగులో లాగా గట్టిగా చదివినాడు.
"అక్షరం తప్పు లేదు" అన్నాడు.
బాకీ మాత్రం ఇద్దురిదీ
నా నల్లట్ట పుస్తకంలోకి ఎక్కింది,
ఒకే పేజీలో.

వారానికి
శెట్టి అంగట్లో పావుకిలో చింతపండు తెచ్చినాను, అరువుకే.
పొట్లం విప్పితే గులాబి కాగితం,
పులుపు నానిన చోట
"పను..." దాకానే కనబడింది.
తక్కింది ఏందనేది
దీపం కింద పెట్టి చూసినా తేలలేదు.