ఇరవై ఏడులో మూడు

లేవార్డెన్‌లో కొండల్లేవు.
ఉన్నదల్లా గాలి.
సముద్రం మీంచి లేచి, గట్టు దాటి,
పచ్చికలో ఆవుల చెవులు వెనక్కి మడిచి
సరిగ్గా జనం పనులకి బయల్దేరే వేళకి
ఎదురొస్తుంది.
మా ఎత్తుపల్లాలు కంటికి ఆనవు,
పిక్కలకి తెలుస్తాయి.

హిల్త్యె నర్సు. ఇంటింటికీ తిరిగి
ముసలివాళ్ళకి ఇన్సులిన్ సూదులు వేసి
వాచిన కాళ్ళకి బిగుతు మేజోళ్ళు తొడిగే మనిషి.
ప్రతి జనవరిలోనూ నా కొట్టుకొస్తుంది,
మొండికేసిన గిత్తని కొమ్ము పట్టి లాక్కొచ్చినట్టు
సైకిల్ని నడిపించుకుంటూ.
మంచు కరగడానికి రోడ్డు మీద చల్లిన ఉప్పు తిని
చైను కరకరలాడుతుంటుంది.
"నేనొకటి అడిగితే అదింకోటి ఇస్తోంది, షూర్ద్."

అమ్మింది నేనే. దాచుకోను.
ముందు మూడు, వెనక తొమ్మిది,
వేళ్ళ మీద గుణించి
ఇరవై ఏడన్నాను,
సంతలో చేప మొప్ప ఎత్తి చూపేవాడిలా.

ఈసారి వెనక చక్రం ఊడదీసి
పళ్ళ బిళ్ళల గుత్తి గుడ్డతో తుడిచి
దీపం కింద పెట్టాను.
తొమ్మిదింట్లో ఆరు
ఇప్పుడే పెట్టెలోంచి తీసినట్టు మెరుస్తున్నాయి.
నడిమి మూడే
అరిగి, ఒక పక్కకి ఒరిగి,
కొసలు సొరచేప రెక్కల్లా సాగి.

పళ్ళు అబద్ధమాడవు.
ఎనిమిదేళ్ళుగా ఆమె తొక్కిన ఊరంతా
ఆ మూడింట్లోనే ఉంది.
కాలవ వంతెనకి ఒకటి,
గాలికి ఒకటి,
అదే గాలి వెనక చేరి వీపు తట్టే సాయంత్రానికి ఒకటి.
మిగతావన్నీ
పెళ్ళికెళుతూ చంకన పెట్టుకున్న పిల్లులు.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు మోసినట్టు?" అంది.
నేను చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను.

ఇరుసు పొట్టలో పళ్ళు దాచుకునే
మూడు గేర్ల హబ్బు వేశాను.
చైనుకి నిండా మూత.
ఒక తీగ, ఒక మీట.
సిగ్నల్ దగ్గర నిలబడే మార్చుకోవచ్చు.
బరువు కాస్త ఎక్కువే,
పంక్చరైతే చక్రం విప్పడం తలనొప్పే,
అవీ చెప్పాను.
ఈసారి గుణించలేదు.

మూడు వారాలకి మళ్ళీ వచ్చింది.
వంతెన మీద రెండోది బరువు, ఒకటోది మరీ తేలిక.
"మధ్యలో నాదొకటుండేది" అంది,
ఊడిన పన్ను చోట నాలుకతో తడుముకుంటున్నట్టు.
నిజమే, ఉండేది.
మెట్టుకీ మెట్టుకీ మధ్య
నిలబడే చోటుండదు.
వెనక పద్దెనిమిది పళ్ళ బిళ్ళ తీసి
ఇరవై పళ్ళది వేశాను.
ఎనిమిది యూరోలు. కాఫీ చల్లారేలోపు పని.
మూడు మెట్లూ కలిసి
ఆమె మోకాళ్ళ దాకా దిగివచ్చాయి.

ఇప్పుడు పొద్దున్నే నేను షట్టర్ ఎత్తుతుంటే
చీకట్లో, వీధి మలుపులో
హబ్బు టిక్కుటిక్కుమంటూ వినిపిస్తుంది,
గోడ గడియారమేదో డ్యూటీకి బయల్దేరినట్టు.
ఆమె చూపు మీట మీద లేదు.
పై అంతస్తు కిటికీలో దీపం పెట్టుకుని
మేజోళ్ళ కోసం కాళ్ళు చాపుకు కూచున్న
డౌవె తాత మీద ఉంది.

ఆ ఆరు కొత్త బిళ్ళలూ
నా బల్ల మీద, ఎవరూ కట్టని బిల్లులు ఎగిరిపోకుండా
కాపలా కాస్తున్నాయి.
ఇవాళొక కుర్రాడొచ్చి
"దీనికెన్ని గేర్లు?" అన్నాడు.
వేళ్ళు వాటంతటవే విచ్చుకున్నాయి.
పిడికిలి బిగించి
ఏ దారిన వెళ్తావని అడిగాను.