వేలు విడిచిన చుట్టం

న్యూకాసిల్ రేవులో నా పని
బొగ్గుని బూడిద చేసి తూచడం.
ఒక్క గ్రాము. ఎనిమిది వందల పదిహేను డిగ్రీలు.
మిగిలిందెంతో రాసి సంతకం పెడితే
ఓడ కదులుతుంది.

పదకొండేళ్లుగా కాలుస్తున్నాను.
ఏం కాలుస్తున్నానో ఎవరూ చెప్పలేదు,
నేనూ అడగలేదు.

మొన్న బుధవారం నమూనా సంచులు దించుతూ
మెర్విన్ ట్రెగియర్
ఓ రాతిపలక నా బల్లమీద పెట్టి
టిఫిను డబ్బా మూత తీసినట్టు
పైపొర తీశాడు.

లోపల ఆకు.
నాలుక చాపినట్టుంది.
నడుమ ఈనె, అటూ ఇటూ వల అల్లిక.
మామిడాకు అనబోయి ఆగాను.

"గ్లాసాప్టెరిస్" అన్నాడు,
ముప్పై ఏళ్లు గని దిగిన గొంతుతో.
"మా సొరంగం కప్పు నిండా ఇవే.
దీపం ఎత్తితే
చెట్టుకింద పడుకున్నట్టుండేది."

ఇల్లందులో మా ఇంటి తలుపు
గాలికి కొట్టుకోకుండా అడ్డంపెట్టిన రాయి ఒకటి.
గని నుంచి మామయ్య తెచ్చింది.
అష్టాచెమ్మాకి చింతగింజలు
దానిమీదే అరగదీశాను.
ఆ గరుకంతా
ఇదే ఈనె.

చెట్టు ఒక్కటేనట.
కానీ ముందు ఆకు దొరికింది, ఆకుకో పేరు పెట్టారు.
వెన్నుపూసలా గణుపులు గణుపులుగా వేరు
ఇంకోచోట దొరికింది, దానికో పేరు.
మొద్దుకి వేరే, గింజకి వేరే.
ఒక్క ఇంటివాళ్లు
వేర్వేరు ఇంటిపేర్లతో
పక్కపక్క సొరుగుల్లో ఏళ్లతరబడి
పలకరించుకోకుండా పడుకున్నారు.

తొలుత ఫెర్న్ అన్నారు.
తర్వాతెవరో ఆకుని అంటుకున్న గింజల గుత్తిని చూశారు.
ఫెర్న్‌కి గింజెక్కడిది?
సరే, గింజ ఫెర్న్ అన్నారు.
అది వంశం కాదు, గోత్రం కాదు,
ఏ వరసలోనూ ఇమడని వాళ్లందర్నీ
కూర్చోబెట్టిన ఆఖరి బంతి.

మల్లెకి ముత్తవ్వ ఇదేనంటారు కొందరు.
కాదు, ముత్తవ్వకి తోబుట్టువంటారు.
ఆ వరసే కలవదంటారు ఇంకొందరు.
ఒకటి మాత్రం రాతిలో దొరికింది:
దాని పుప్పొడి కణాలకి ఈత వచ్చు.
గింకో ఇంకా ఈదుతుంది, సైకస్ ఈదుతుంది.
మల్లె ఎప్పుడు మానేసిందో
మల్లెనడిగితే ఏం చెబుతుంది!

దక్షిణ ధ్రువం దగ్గర, నెలలకొద్దీ చీకట్లో,
ఆకులన్నీ ఒక్కసారే రాల్చి
మళ్లీ వెలుతురొచ్చేదాకా
ఊరకే నిలబడేదట.
దాని ఓపిక నా కొలిమిలో
రెండు గంటలకి సరి.

ఆదివారం ఫ్రేజర్ బీచికి తీసుకెళ్లాడు మెర్విన్.
చరియలో నల్లని పొర,
దానిమీద బూడిదరంగు పొర.
"కింద లెక్కలేనన్ని. పైన వెతుకు."
గంటన్నర వెతికాను,
అలలు వీపు తడుపుతుంటే.
ఒక్కటీ లేదు.
నలుపు మీద చూపుడువేలు,
బూడిదరంగు మీద నడిమివేలు పెట్టి చూశాను.
మధ్యలో సందు కూడా లేదు.
పాతిక కోట్ల ఏళ్ల కిందట
ఇక్కడిదాకా వచ్చి
వేలు వదిలేసింది.

పలకని మ్యూజియానికిచ్చాం.
చీటీలో గడులు: పేరు, దొరికిన చోటు, పొర,
బంధుత్వం.
ఆస్పత్రి కాగితాల్లో ఉన్నట్టే.
ఇమోజెన్ అనే ఆవిడ ఆ గడిలో
పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టింది.
పెన్నుతో పెట్టొచ్చుగా అన్నాను.
"నాకంటే ముందు ముగ్గురు
పెన్నుతోనే రాశారు" అంది.

సోమవారం. ఒక్క గ్రాము.
బూడిద తొమ్మిది పాయింట్ నాలుగు శాతం.
సంతకం పెట్టాను, ఓడ కదిలింది.
మూస చల్లారేదాకా
పక్కనే నిలబడ్డాను.
మామూలుగా నిలబడను.