ఆకాశపు మేకపిల్ల

మే నెల. హెబ్రిడీస్ దీవుల్లో
రాత్రి పది దాటినా పగలు ఇంకా చెప్పులు విప్పలేదు.
బురదనేల మీద, పీట్ తవ్విన గోతుల మీద
ఏదో వణుక్కుంటూ జారిపోయింది,
మేక అరిచినట్టు,
కానీ పైనుంచి.

నిఘంటువు పనిమీద వచ్చిన కుర్రవాడు లాక్లన్
తడి బూట్లు గుమ్మంలో విప్పి కూర్చున్నాడు.
సంచీలో ఒకే ఒక్క మాట తెచ్చుకున్నాడు: డ్రమ్మింగ్.
దాని అర్థాలు ఇల్లిల్లూ తిరిగి ఏరుతున్నాడు,
వాన వెలిశాక నత్తగుల్లలు ఏరినట్టు.

ఓయ్‌రిక్ కెటిల్ దించింది.
"డోలు వాయించడం ఒక్కటే రాసుకుపోతావా ఏంటి?
మా తాత పటాలంలో ఒకడు
సర్కారు బూట్లు అమ్ముకు తాగాడట.
కోటు బొత్తాలు తెంపి, వెనకాల డోలు మోగిస్తూ
గేటు దాకా నడిపించి తోలేశారు. అదీ డ్రమ్మింగే.
వాడి అడుగు దరువుతో కలిసిందో తప్పిందో
తాత ఎన్నడూ చెప్పలేదు.
అడిగితే పొగాకు వెతుక్కునేవాడు.

బళ్ళో పంతులమ్మ మా తలల్లోకి ఇంగ్లీషు దించిందే, అదీ.
నోరుజారి గేలిక్ మాటొస్తే అరచేతి మీద బెల్టు.
కోడిపిల్లని ఏమంటారో రెండు భాషల్లోనూ
ఈ చేతికి ఇప్పటికీ గుర్తే."

(మనమైతే నూరిపోయడం అంటాం.
వాళ్ళది డోలు, మనది రోలు.
రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుందని
సామెత కూడా మనదే.)

పొయ్యి పక్కన టోర్మడ్. ఆమె మొగుడు.
గ్లాస్గో ఓడల యార్డులో ఇరవై ఆరేళ్ళు
బాయిలర్ పొట్టలో నక్కి
బయటివాడు కొట్టే రివెట్టుని లోపలినుంచి ఒత్తిపట్టినవాడు.
పెన్షన్ తెచ్చుకున్నాడు. చెవులు అక్కడే ఉండిపోయాయి.

అయినా అతనికి తెలియనిది తక్కువ.
రేకు కప్పు మీద వానని గోడ చెబుతుంది.
ఓయ్‌రిక్ విసుగుని బల్ల చెబుతుంది,
ముందు చిటికెనవేలు, ఆఖర్న చూపుడువేలు.
జ్వరమొచ్చిన రాత్రి ఆమె నాడిని
బొటనవేలితో విని, డాక్టరు కోసం
గాలివానలో నాలుగు మైళ్ళు నడిచాడు.

"మరి బయట అరిచిందే, అదేమిటి?" అన్నాడు కుర్రవాడు.
"ఉల్లంకి పిట్ట. మేము ఆకాశపు మేకపిల్ల అంటాం.
గొంతుతో కాదురా, తోకతో.
అంతెత్తునుంచి తలకిందులుగా పడుతూ
తోకలో అటొకటి ఇటొకటి ఈకలు బయటికి చాపుతుంది.
గాలే వచ్చి వాయించిపోతుంది.
ఆడపిట్ట ఎక్కడో గడ్డిలో ఉంటుంది, మెచ్చుకుందో లేదో."

ఆ ఒక్కటే టోర్మడ్‌కి అందదు.
ఆకాశానికి గోడ లేదు
చెయ్యి ఆన్చడానికి.

ఓయ్‌రిక్ లేచి అతని వెనక్కి వెళ్ళింది.
ఉన్ని స్వెట్టరు మీద, భుజాల ఎముకల మధ్య,
పదివేళ్ళూ పెట్టింది.
మెల్లగా, త్వరగా, ఇంకా త్వరగా,
మళ్ళీ మెల్లగా.

కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపాడు.
"కాదు. ఆఖర్న తొందరపడుతున్నావు.
కిందికొచ్చాక, మళ్ళీ పైకెక్కే ముందు
కాసేపు ఏమీ ఉండదు. అది వదిలేశావు."

ఆమె చేతులు పైకెత్తి ఆగింది.
కెటిల్ ఆగింది.
లాక్లన్ ఆ ఏమీలేనిదాన్ని
ఎన్నో అర్థం కింద వెయ్యాలో తేలక
పెన్సిల్‌తో బల్ల అంచున తడుతున్నాడు,
టక టక, టక టక.

టోర్మడ్ బల్ల మీద అరచెయ్యి పరిచాడు.
కళ్ళు తెరవలేదు.
"ఆపమను ఆ పిల్లాణ్ణి," అన్నాడు,
"పిట్ట వినబడట్లేదు."